పాటలో నిలిచిన నేల
(ఆస్ట్రేలియా గీతములు – మన గీతములు: ఒక పరిశీలన)

ఉపోద్ఘాతము

జానపద గేయమునకు పుట్టుక ఉన్నది గాని, పుట్టించినవాని పేరు తెలియదని పెద్దలు చెప్పుదురు. పేరు మరుగున పడినను, పాట పుట్టిన నేల మాత్రము ఆ పాట నుండి తొలగిపోదు. వరి నాటు వేసే పాటలో బురద ఉన్నది. మోట పాటలో బావి ఉన్నది. రోకటి పాటలో రోలు ఉన్నది. పాటను విప్పి చూచినచో ఆ నేల, ఆ నేలపై శ్రమించిన చేతులు మనకు గోచరించును.

ఈ వ్యాసమునందు మేము రెండు దూరదేశముల పాటలను ప్రక్కప్రక్కన ఉంచి చూడదలచినాము. ఒకటి ఆస్ట్రేలియా, రెండవది మన తెలంగాణ. ఈ రెంటికి పొత్తేమి అని పాఠకులకు సందేహము కలుగవచ్చును. మన కళాశాలలో చదివి వెళ్ళినవారిలో కొందరు నేడు మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి ప్రాంతముల కంప్యూటరు కార్యాలయములలో ఉద్యోగములు చేయుచున్నారు. వారిలో ఆస్ట్రేలియా సంస్థల పని చూచువారు కోడి కూయక ముందే ఇల్లు విడువవలసి యున్నది. సిడ్నీ నగరమున ఉదయము 9 గంటలు కొట్టునప్పటికి హైదరాబాదులో తెల్లవారుజాము 4.30 మాత్రమే. వారి వేసవిలో గడియారమును ఒక గంట ముందుకు త్రిప్పుదురు గనుక అప్పుడు మనకు 3.30. అట్టి పూర్వవిద్యార్థి ఒకడు, దారిలో వినుటకై తన సెల్‌ఫోనులో నింపుకొన్న ఆ దేశపు పాటలను మాకు వినిపించి, "సార్, ఇవి వినుటకు బాగున్నవి, కాని వీటి వెనుక ఏమున్నదో తెలియదు" అన్నాడు. ఆ సంగతి విచారింపగా మాకు తెలిసినదానిని, వానిలో మాకు ప్రీతిపాత్రమైన గీతములను, అవి మా మనస్సునకు చెప్పిన అర్థమును ఇచట విన్నవించుచున్నాము.

జానపదము, రాక్ – కొంత వివరణ

జానపద గేయము నోటి నుండి నోటికి ప్రాకునది. పాడిన ప్రతివారును దానిని కొంత మార్చుదురు. ఒకే పాటకు నాలుగు ఊళ్ళలో నాలుగు రూపములుండును. తెలుగులో ఈ గేయములను శాస్త్రీయముగా పరిశోధించినవారిలో ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆచార్యులు బిరుదురాజు రామరాజు గారు అగ్రగణ్యులు. తెలుగు జానపద గేయ సాహిత్యముపై వారు చేసిన పరిశోధన, ఊరి పాటకు విశ్వవిద్యాలయములో పీట వేసినది. అంతకు ముందే నేదునూరి గంగాధరము గారు ఊరూర తిరిగి వేలాది గేయములను సేకరించినారు.

రాక్ సంగీతము దీనికి భిన్నమైనది. 1950వ దశకములో అమెరికాలో, నల్లజాతివారి బ్లూస్ సంగీతము, గ్రామీణుల కంట్రీ సంగీతము కలిసిన చోట ఇది పుట్టినది. విద్యుత్ గిటారు, డ్రమ్ములు దీనికి ఊపిరి. దీనికి కర్త ఉన్నాడు, రికార్డు ఉన్నది, అంగడి ఉన్నది. అయినను ఆస్ట్రేలియాలో కొందరు రాక్ గాయకులు తమ నేల చరిత్రను వస్తువుగా స్వీకరించుటచే, వారి పాటలు అంగడిని దాటి జనుల నోటికి చేరినవి. ఆ విధముగా అవి జానపదమునకు దగ్గర బంధువులైనవి.

మూట భుజమున మోసిన మనిషి

ఆస్ట్రేలియా పాటలలో జగత్ప్రసిద్ధమైనది "వాల్ట్‌జింగ్ మటిల్డా". దీనిని 1895లో బాంజో పాటర్సన్ అను కవి క్వీన్స్‌లాండ్ ప్రాంతమున రచించినాడు. పేరు వినగానే ఎవరో యువతి నృత్యము చేయుచున్నదని తోచును. నిజమునకు మటిల్డా అనగా కూలివాడు భుజమున వేసికొను దుప్పటి మూట. పనికై ఊరూర తిరుగు ఒక నిరుపేద నీటి మడుగు ఒడ్డున దిగి, అటు వచ్చిన గొఱ్ఱెను పట్టుకొనును. ఆసామి పోలీసులతో వచ్చును. వారికి చిక్కుటకు ఇష్టపడక అతడు మడుగులోనికి దుముకును. కథ ఇంతే. గొఱ్ఱెల బొచ్చు కత్తిరించు కూలీలు 1890వ దశకములో పెద్ద సమ్మెలు చేసిన కాలమున ఈ పాట పుట్టినది.

ఒక దేశము తన అభిమాన గీతముగా రాజును గాని సేనాపతిని గాని కీర్తించు పాటను గాక, మూట మోయు కూలివాని పాటను స్వీకరించుట మాకు ఎంతయో నచ్చినది. పాలమూరు నుండి మూటముల్లెలతో, చంకన బిడ్డతో వలస వెళ్ళిన కుటుంబములను ఎరిగినవారికి ఈ మటిల్డా పరాయిది కాదు.

ఈ పాటను ఆధారము చేసికొని స్కాట్లాండులో పుట్టి ఆస్ట్రేలియాకు వలస వచ్చిన ఎరిక్ బోగల్ 1971లో మరియొక గీతమును రచించినాడు. 1915 గల్లిపోలి యుద్ధములో కాళ్ళు కోల్పోయి తిరిగివచ్చిన సైనికుని గాథ అది. వీడ్కోలునాడు మ్రోగిన బ్యాండే తిరిగివచ్చిన నాడును మ్రోగును. వినువాని స్థితి మాత్రము మారినది. ఒకే రాగము రెండు వేళల రెండు అర్థముల నిచ్చుట ఎట్లో ఈ గీతము చక్కగా బోధించుచున్నది.

పిడికెడు మన్ను

మాకు అన్నింటికంటె మిక్కిలి ప్రియమైనది పాల్ కెల్లీ, కెవ్ కార్మొడీ కలిసి రచించి 1991లో వెలువరించిన గీతము. "ఫ్రమ్ లిటిల్ థింగ్స్ బిగ్ థింగ్స్ గ్రో" అని దాని పేరు. చిన్నవాని నుండియే పెద్దవి పెరుగునని దాని తాత్పర్యము. కార్మొడీ ఆదివాసి సంతతికి చెందిన కవి గాయకుడు.

ఆస్ట్రేలియా ఉత్తర ప్రాంతమున వేవ్ హిల్ అను విశాలమైన పశుక్షేత్రము ఉండెడిది. ఆ నేల గురింద్జీ అను ఆదివాసులది. కాని బ్రిటిషు ధనిక కుటుంబమైన వెస్టీల సంస్థ దానిని కౌలుకు తీసికొన్నది. తమ నేలపైననే గురింద్జీలు పశువుల కాపరులుగా, తిండిగింజలకు, అత్యల్ప వేతనములకు పనిచేయవలసి వచ్చినది. 1966 ఆగస్టు 23న విన్సెంట్ లింగియారీ నాయకత్వమున దాదాపు 200 మంది, ఆలుబిడ్డలతో సహా, పని విడిచి నడచిపోయినారు. లోకము దానిని కూలి పెంపు కొరకైన సమ్మె అనుకొన్నది. క్రమముగా వారి అసలు కోరిక బయటపడినది. వారడిగినది కూలి మాత్రమే కాదు, తమ నేల. తొమ్మిదేండ్లు వారు కదలలేదు. 1975 ఆగస్టు 16న ప్రధానమంత్రి గఫ్ విట్లమ్ స్వయముగా వచ్చి, పిడికెడు మన్ను తీసి లింగియారీ చేతిలో పోసి, నేలలో కొంత భాగమును వారికి అప్పగించినాడు. మరుసటి సంవత్సరము, 1976లో, ఉత్తర ప్రాంత ఆదివాసుల భూమి హక్కుల చట్టము వచ్చినది.

ఈ గీతములో కోపము తక్కువ, ఓర్పు ఎక్కువ. మొదటితరము చదువరులైన మన విద్యార్థులకు ఇది ప్రత్యేకముగా చెప్పదగిన పాట అని మా అభిప్రాయము. తండ్రి ఆటో నడుపుచుండగా, తల్లి కుట్టుపని చేయుచుండగా కళాశాల మెట్లెక్కిన బిడ్డకు ఫలితము ఒక్క సంవత్సరములో కనబడదు. తొమ్మిదేండ్లు కదలకుండ కూర్చున్న పశువుల కాపరుల కథ అట్టివారికి ధైర్యమునిచ్చును.

ఇదే వరుసలో మరి మూడు పాటలను పేర్కొనవలెను. మిడ్‌నైట్ ఆయిల్ బృందము 1987లో పాడిన "బెడ్స్ ఆర్ బర్నింగ్" పింటూపీ ఆదివాసుల నేలను వారికి తిరిగి ఈయవలెనని కోరు రాక్ గీతము. 2000 సంవత్సరమున సిడ్నీ ఒలింపిక్ క్రీడల ముగింపు ఉత్సవములో ఈ బృందము, క్షమాపణను తెలుపు "సారీ" అను మాట ముద్రించిన నల్లని దుస్తులు ధరించి, లోకమంతయు చూచుచుండగా దీనిని పాడినది. యోతు యిండీ బృందము 1991లో వెలువరించిన "ట్రీటీ" గీతమున ఇంగ్లీషు మాటలతో పాటు యోల్ంగు ఆదివాసుల భాషయు వినబడును. ఆదివాసులతో ఒడంబడిక చేసికొందుమని 1988లో ప్రభుత్వము ఇచ్చిన మాట నెరవేరలేదని ఆ పాట గుర్తుచేసినది. తల్లిదండ్రుల నుండి ప్రభుత్వము బలవంతముగా వేరుచేసిన ఆదివాసి బిడ్డల దుఃఖమును ఆర్చీ రోచ్ 1990లో పాడినాడు. అతడును అట్లు వేరుచేయబడిన బిడ్డయే. 2008 ఫిబ్రవరి 13న ప్రధానమంత్రి కెవిన్ రడ్ పార్లమెంటులో ఆ బిడ్డలకు క్షమాపణ చెప్పినాడు. పాట ఒక్కటే ఇంత పని చేసినదని మేము అనము. కాని చెవి మూసికొన్నవారి చేత చెవి తెరిపించుటకు పాట తోడ్పడినదని చెప్పుట అతిశయోక్తి కాజాలదు.

మన బందగీ, మన పాట

లింగియారీ కథ చదువగానే మాకు షేక్ బందగీ స్మృతికి వచ్చినాడు. జనగామ ప్రాంతమున కామారెడ్డిగూడెమునకు చెందిన ఈ పేద ముస్లిము రైతు, తన కొద్దిపాటి పొలము కొరకు విసునూరు దేశముఖు బలమునకు ఎదురు నిలిచి న్యాయస్థానములో పోరాడినాడు. 1940వ దశకపు ఆరంభమున దేశముఖు మనుషుల చేతిలో హతుడైనాడు. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య నేలకొరిగి సాయుధ పోరాటము రగులుకొనుటకు ముందే, బందగీ నెత్తురు ఆ నేలను తడిపినది. అతని సమాధిని ఆ ప్రాంత ప్రజలు కులమత భేదము లేక గౌరవింతురు.

అతని గాథను ఆధారము చేసికొని సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు గారలు 1947లో "మా భూమి" నాటకమును రచించినారు. ఇదే పోరాటమును ఉర్దూలో కృష్ణ చందర్ "జబ్ ఖేత్ జాగే" అను నవలగా వ్రాసినాడు. ఆ ఉర్దూ నవల ఆధారముగా గౌతమ్ ఘోష్ దర్శకత్వమున 1979లో "మా భూమి" తెలుగు చలనచిత్రము నిర్మింపబడినది. అందులో బండి యాదగిరి రచించిన నిజాము వ్యతిరేక గీతమును గద్దర్ పాడినాడు. పశువులు కాయు పసిబాలుని గూర్చి సుద్దాల హనుమంతు రచించిన గీతమును సంధ్య పాడినది. ఉర్దూ నవల, తెలుగు పాట, బెంగాలీ దర్శకుడు. ఉర్దూ తెలుగు రెండును బోధించు మన కళాశాల వంటి చోట ఈ ఒక్క చిత్రమును పాఠ్యాంశముగా బోధింపవచ్చునని మాకు తోచుచున్నది. నాటి మెదకు జిల్లాలోని అందోలులో జన్మించిన మఖ్దూం మొహియుద్దీన్ ఆ పోరాట కాలముననే ఉర్దూలో కవితలు చెప్పి, కార్మికుల నడుమ నిలిచి, కవియు నాయకుడును అయినాడు.

గురింద్జీలకు ఒక పాట ఉన్నట్లే బందగీకి నాటకమున్నది. కాని నేడు మన విద్యార్థులలో ఎందరికి బందగీ పేరు తెలియును? ఆస్ట్రేలియా పాటను సెల్‌ఫోనులో వినుచున్న మన బిడ్డకు, అదే కథ తన నేలపై, తన మతస్థునకు, తన భాషలో జరిగినదని చెప్పువారు కావలెను. ఈ వ్యాసము వ్రాయుటకు మమ్ము ప్రేరేపించిన ముఖ్య కారణము ఇదియే.

మాదాపూరు రాళ్ళ నడుమ

ఆంగ్లమున రాక్ అను మాటకు బండ అనియు, ఊపుట అనియు రెండర్థములున్నవి. మాదాపూరు, గచ్చిబౌలి పరిసరములు బండల పుట్టినిల్లు. రెండు వందల యాభై కోట్ల ఏండ్ల నాటి నల్లరాతి గుట్టలు ఒకదానిపై ఒకటి పేర్చినట్లుండెడివి. అచటి దుర్గము చెరువు కుతుబ్‌షాహీల కాలమున గోలకొండకు నీరిచ్చినది. హుస్సేన్‌సాగరు నిర్మాణమును నిర్వహించిన హజ్రత్ హుస్సేన్ షా వలీ దర్గా మణికొండ సమీపమున ఉన్నది. 1974లో హైదరాబాదు విశ్వవిద్యాలయము, 1992లో శిల్పారామము, 1998లో మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయము స్థాపింపబడినవి. 1998 నవంబరు 22న ప్రధానమంత్రి వాజపేయి గారు సైబర్ టవర్స్ భవనమును ప్రారంభించినారు. 2019లో మెట్రో రైలు హైటెక్ సిటీకి చేరినది.

ఈ అద్దాల మేడలను కట్టినది ఎవరు? బండలు పగులగొట్టినవారు, తట్టలు మోసినవారు, సిమెంటు కలిపినవారు. దేశమంతట ఆనకట్టలు కట్టిన పాలమూరు కూలీలు ఇచటను శ్రమించినారు. నేడు ఒడిశా, బీహారు, జార్ఖండు కూలీలు రేకుల షెడ్లలో కాపురముండి అంతస్తుపై అంతస్తు లేపుచున్నారు. సాయంకాలము ఆ షెడ్ల వద్ద నిలిచినచో ఒడియా, భోజపురి పాటలు వినవచ్చును. అవియు వలస పాటలే, అందును మూట భుజమున మోసిన మనిషియే.

పాలమూరు మట్టి నుండి వచ్చిన గోరటి వెంకన్న గారు పల్లె కన్నీటిని గూర్చి రచించిన గీతము 2002లో "కుబుసం" చిత్రము ద్వారా ఇంటింటికి చేరినది. కుల వృత్తులు కూలిపోవుట, మగ్గము ఆగుట, కొలిమి ఆరుట అందలి వస్తువు. వారి "వల్లంకి తాళం" కావ్యమునకు 2021 సంవత్సరపు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము లభించినది. బడి చదువు లేక, పశువుల కాపరిగా, తాపీ పనివాడుగా బ్రతికిన అందెశ్రీ గారి గీతము 2024లో తెలంగాణ రాష్ట్ర గీతమైనది. మూట మోయువాని పాటను ఆస్ట్రేలియా తలకెత్తుకొన్నట్లే, తాపీ పట్టిన చేతి పాటను మన రాష్ట్రము తలకెత్తుకొన్నది. ఈ పోలిక మాకు మిక్కిలి సంతోషము కలిగించినది.

రెండు భాషలు, ఒక తిరుగలి

ఇక మా స్వంత మాట ఒకటి. మా ఇంట దక్ఖనీ ఉర్దూ, మా వీధిలో తెలుగు. మేము తెలుగు ఎం.ఏ. చదివి, తెలుగు బోధించుచున్నామని తెలిసినప్పుడు "మీకు తెలుగు ఎట్లు వచ్చినది?" అని ఆశ్చర్యపడువారు నేటికిని కలరు. ఆ ప్రశ్నకు మేము వాదముతో బదులీయము, పాటతోనే బదులిత్తుము.

తెలుగు స్త్రీలు తిరుగలి విసరుచు పాడిన పాటలున్నవి. దక్ఖనీలో చక్కీనామాలున్నవి. బీజాపూరు సూఫీ పెద్దలు విసురు స్త్రీల కొరకు దైవభక్తిని తిరుగలి వరుసలో పొదిగి వీటిని రచించినారు. రాట్నము త్రిప్పువారికి చర్ఖానామాలున్నవి. పై రాయి తిరుగును, క్రింది రాయి నిలుచును, నడుమ గింజ పిండియగును. ఆ లయ తెలుగుకు వేరు, ఉర్దూకు వేరు కాదు. హైదరాబాదు ముస్లిముల ఇండ్లలో పెండ్లినాడు స్త్రీలు ఢోలక్ చుట్టు కూర్చుండి పాడు గీతములలో వియ్యపురాలిని ఎగతాళి చేయు వరుసలున్నవి. తెలుగు పెండ్లిలో వియ్యపురాలి పాటలు అట్టివే. ఆట పట్టించుట రెండు భాషలకు ఒక్కటే.

మొహర్రము నాడు తెలంగాణ పల్లెలలో పీర్లు లేచును. అలావా గుండము చుట్టు హిందువులు ముస్లిములు కలిసి అడుగులు వేయుదురు. క్రీ.శ. 680లో కర్బలాలో అమరులైన ఇమాము హుసేను గాథ అచట తెలుగు పాటగా వినబడును. అరబ్బు ఎడారి దుఃఖము తెలుగు పల్లె నోట పలుకుట కంటె, భాష ఎవరి సొత్తు అను ప్రశ్నకు వేరొక సమాధానము కావలెనా? యోల్ంగు భాష రాక్ గీతములో వినబడినప్పుడు ఆ ఆదివాసి బిడ్డలకు కలిగిన గర్వము ఎట్టిదో, పీర్ల పాట విన్నప్పుడు మేము ఊహింపగలము.

చేయవలసిన పని

విద్యార్థినీ విద్యార్థులారా! పాటలను మెచ్చుకొనుటతో పని ముగియదు. తిరుగలి పోయినది, మోట పోయినది. పని పోయిన పిమ్మట పని పాట ముసలివారి జ్ఞాపకములో మాత్రమే మిగులును. ఆ జ్ఞాపకము వారితోనే వెళ్ళిపోవును. కనుక ఈ సెలవులలో ప్రతి విద్యార్థియు ఒక్క పాటనైనను సేకరింపవలెనని మా మనవి. అందుకు కొన్ని నియమములను సూచించుచున్నాము.

1. మీ దాదీని, నానీని, అమ్మమ్మను, నాయనమ్మను, ఇరుగుపొరుగు పెద్దలను ముందుగా అడుగుడు. సెల్‌ఫోనులో పాటను రికార్డు చేయుటకు ముందు వారి అనుమతి పొందుడు.

2. పాడినవారు పలికినది పలికినట్లే వ్రాయుడు. మాటను దిద్దవలదు. "తప్పు"గా తోచినది ఆ ఊరి యాస కావచ్చును.

3. పాట ఏ పనిలో, ఏ పండుగలో, ఏ వేళ పాడుదురో అడిగి వ్రాయుడు. సందర్భము లేని పాట వేరు తెగిన మొక్క వంటిది.

4. అర్థము తెలియని మాటలను విడిగా వ్రాసి, వాటి అర్థమును పాడినవారినే అడుగుడు.

5. ఉర్దూ పాటను ఉర్దూ లిపిలోను తెలుగు లిపిలోను, తెలుగు పాటను తెలుగు లిపిలోను ఉర్దూ లిపిలోను వ్రాయుడు. ఒకరి పాటను వేరొకరు చదువగలుగుట దీని ప్రయోజనము.

కళాశాల పాలకవర్గమునకు మా విన్నపము ఒకటి. ఇట్లు చేరిన పాటలను భద్రపరచుటకు గ్రంథాలయములో ఒక బీరువాయు, ఒక కంప్యూటరును కేటాయింప ప్రార్థన. వ్యయము స్వల్పము, ఫలము చిరకాలము. తెలుగు శాఖ, ఉర్దూ శాఖ కలిసి చేయదగిన పని ఇంతకంటె మేలైనది మాకు కనబడలేదు.

ఉపసంహారము

గురింద్జీల చేతిలో పడినది పిడికెడు మన్ను. దాని వెనుక తొమ్మిదేండ్ల ఓర్పు ఉన్నది, దానిని లోకమునకు తెలిపిన ఒక పాట ఉన్నది. మన బిడ్డలు రేపు హైటెక్ సిటీలో పనిచేయుదురు, మెల్‌బోర్నుకు వెళ్ళుదురు. వెళ్ళవలసినదే, సంపాదింపవలసినదే. అచటివారు తమ పాటలను వినిపించి "మీ పాట ఏది?" అని అడిగిన నాడు, మనవారు తెల్లమొగము వేయక, బందగీ కథ చెప్పి, పీర్ల పాట ఒకటి, ఢోలక్ పాట ఒకటి పాడగలిగినచో, ఇచట పాఠము చెప్పిన మా శ్రమ ఫలించినట్లే.